గంట లేని ఉపన్యాసం

ఆ లా కాలేజీలో ఏడాదికోసారి జరిగే స్మారకోపన్యాసానికి గంట ఉండదు. మిగతా ఏ సభకైనా ఉంటుంది. వక్త శ్రుతి మించితే అధ్యక్షుడు బల్ల మీది చిన్న గంటని టింగుమనిపిస్తాడు. వక్త ఉలిక్కిపడి "ఒక్క మాట చెప్పి ముగిస్తాను" అంటాడు. ఆ ఒక్క మాటకి ఇంకో అరగంట పట్టినా, కనీసం జనానికి ఆశ పుడుతుంది. ఈ సభలో ఆ ఆశ కూడా లేదు. గంట కొట్టకూడదు, చీటీ పంపకూడదు, గొంతు సవరించకూడదు, వాచీ చూసుకుంటూ దొరికిపోకూడదు. ఎందుకంటే, ఎవరి పేరు మీద ఈ ఉపన్యాసమో ఆ జడ్జిగారు బతికుండగా తన కోర్టులో ఎవర్నీ మధ్యలో ఆపలేదట. ప్లీడర్ని ఆపలేదు, సాక్షిని ఆపలేదు, నేరం ఒప్పుకున్నాక కూడా కథంతా మొదట్నుంచీ చెబుతానన్న దొంగని ఆపలేదు. ఆయన పోయాక, ఆయన దగ్గర పని నేర్చుకున్న మొదటి ప్రిన్సిపాలు ఈ నియమం పెట్టి, తను హాయిగా రిటైరై వెళ్ళిపోయాడు. అవస్థ తరవాతివాళ్ళకి మిగిలింది.

అందరికంటే ఎక్కువ మిగిలింది సూపర్నెంటమ్మకి.

ఆవిడ ఆ కాలేజీ ఆఫీసు సూపరింటెండెంటు. ఆ మాటంతా పలికే తీరిక పిల్లలకి లేక దాన్ని సగానికి విరిచారు. ఇప్పుడు ప్రిన్సిపాలు కూడా అలాగే పిలుస్తాడు. టైపిస్టుగా చేరినప్పుడు మెట్లు రెండేసి ఎక్కేది. ఇప్పుడు ఒక్కో మెట్టు మీదా ఆగి, ఎవరైనా చూస్తున్నారేమోనని చేతిలో కాగితం చదువుతున్నట్టు నటించి, మళ్ళీ ఎక్కుతుంది. అడ్మిషన్లు, హాల్ టికెట్లు, సర్టిఫికెట్లు పోగొట్టుకుని ఏడుస్తూ వచ్చే పాత విద్యార్థులు, కారే కొళాయిలు, అలిగి క్లాసుకి వెళ్ళని లెక్చరర్లు, అన్నీ ఆవిడ నెత్తినే. కూర్చోవడానికి కుర్చీ లేక కాదు. మంచి కుర్చీయే ఉంది, దాని మీద ఫైళ్ళు కూర్చుంటాయి. ఆవిడ నిలబడి సంతకాలు పెడుతుంది, నిలబడి ఫోను మాట్లాడుతుంది, నిలబడే టిఫిన్ డబ్బా తెరిచి గోడకేసి తిరిగి రెండు ముద్దలు మింగుతుంది. సాయంత్రానికి చీలమండలు ఉబ్బి చెప్పుల పట్టీలు చర్మంలోకి దిగబడతాయి. "కాసేపు కూర్చోవచ్చు కదమ్మా" అని ఎవరైనా అంటే, "కూర్చుంటే మళ్ళీ లేవాలి నాయనా" అంటుంది. ఆవిడ జోకేసిందనుకుని వాళ్ళు నవ్వుతారు. ఆవిడ నవ్వదు.

ఆ స్మారకోపన్యాసాలన్నీ ఆవిడ స్టేజీ పక్కన తెర చాటున నిలబడే విన్నది. విన్నది అనడం కూడా ఎక్కువే. మైకు కీచుమంటే పరుగెత్తాలి, వక్త గొంతు ఆరితే మంచినీళ్ళు అందించాలి, వెనక తలుపులోంచి జారుకునే పిల్లల్ని కంటిచూపుతో తిరిగి బెంచీ ఎక్కించాలి. ఈ మధ్యలో ఎన్ని మాటలు చెవిన పడితే అన్ని. ఒకాయన రాజ్యాంగం గురించి మాట్లాడతానని లేచి, తన చిన్నతనం దగ్గర మొదలుపెట్టాడు. కథలో ఆయనకి మీసాలొచ్చేసరికి హాల్లో లైట్లు వెయ్యాల్సొచ్చింది. ఇంకొకాయన "చివరగా" అన్నప్పుడల్లా పిల్లలు పుస్తకాలు సర్దుకోవడం, మళ్ళీ తియ్యడం. ఒకావిడ నిజంగా బాగా మాట్లాడింది గానీ, ఆవిడ వంతు వచ్చేలోపు సన్మానాలూ సందేశాలూ కలిసి వినేవాళ్ళ చెవులు మొద్దుబార్చేశాయి. ప్రతి ఏడూ ప్రతివాళ్ళూ మర్చిపోకుండా చెప్పే మాట ఒకటుంది, "జడ్జిగారు ఓపికకి మారుపేరు" అని. ఆ మాట వినపడ్డప్పుడల్లా సూపర్నెంటమ్మకి ఒళ్ళు మండేది. ఎత్తయిన కుర్చీ, వీపు వెనక దిండు, పిలిస్తే పలికే బంట్రోతు, ఇంటికెళ్ళేసరికి వండి పెట్టే మనిషి ఉంటే ఎవరికైనా వస్తుంది ఓపిక, నాకు ఇవన్నీ ఇచ్చి చూడండి, నేనూ మారుపేరు అవుతాను అని మనసులోనే విసుక్కునేది.

ఇంటి దగ్గర ఆవిడ కోసం ఎదురుచూసేది ఆవిడ భర్త ఒక్కడే. కూతురు పెళ్ళయి పక్క ఊళ్ళో ఉంది. ఫోన్లో "నాన్న ఎలా ఉన్నారమ్మా" అని అడుగుతుంది, "అలాగే ఉన్నారు" అని ఈవిడ చెబుతుంది.

ఆయన ఒకప్పుడు గుడ్డల కొట్లో సేల్స్‌మన్. నోరే ఆయన పెట్టుబడి. కొట్లోకి అడుగుపెట్టినవాళ్ళకి ముందు గుడ్డ చూపించేవాడు కాదు, స్టూలు చూపించేవాడు. "కూర్చోండి, ముందు కూర్చోండి. ఆ... ఇప్పుడు చెప్పండి!" అనేవాడు. నిలబడ్డ మనిషి ధర అడిగి పోతాడు, కూర్చున్న మనిషైతే మనసులో మాట చెబుతాడు అని ఆయన నమ్మకం. టైపిస్టుగా చేరిన కొత్తలో సూపర్నెంటమ్మని కాలేజీ హాలుకి తెరల గుడ్డ తెమ్మని ఆ కొట్టుకే పంపారు. కూర్చోమన్నాడు, కూర్చుంది. ఏ రంగు కావాలో చెప్పడానికి వెళ్ళిన మనిషి, టైపు మిషను మీద అరిగిపోయిన అక్షరాల దగ్గర్నుంచి అద్దె గదిలో ఎలుకల దాకా అన్నీ చెప్పేసింది. ఆయన మధ్యలో ఒక్కసారైనా గుడ్డ తాను తీసి పరచలేదు. కొట్టు కట్టేసే వేళకి తెరల గుడ్డ తేలింది, తరవాత ఏడాదికి పెళ్ళి తేలింది. ఆ తెరలు మాసి చిరిగి ఎప్పుడో మార్చేశారు.

ఆ మనిషి ఒక ఉదయం గడ్డం గీసుకుంటూ గీసుకుంటూ కుప్పకూలిపోయాడు. పక్షవాతమన్నారు. కుడి కాలు చాలావరకు తిరిగొచ్చింది. గోడ పట్టుకుని నడుస్తాడు, తన పనులు తను చేసుకుంటాడు. మాట మాత్రం తిరిగి రాలేదు. లోపలంతా ఉంది, ఎవరేమన్నా అర్థమవుతుంది, నవ్వాల్సిన చోట నవ్వుతాడు. చెప్పబోతేనే గొంతు దగ్గర ఏదో అడ్డం పడుతుంది. పెదాలు కదులుతాయి, మెడ నరాలు ఉబ్బుతాయి, కళ్ళు ఎదుటి మనిషిని పట్టుకుని వేలాడతాయి. ఒక్క మాట బయటపడేలోపు కుక్కర్ కూత పెడుతుంది, బస్సు వేళ దాటుతుంది, ఫోను మోగుతుంది.

వారానికోసారి వచ్చి మాటలు నేర్పించే అమ్మాయి ఉంది. ఇంట్లో ఆవిడ పేరు మాటల డాక్టరు. ఆవిడ మొదట్లోనే చెప్పింది.

"అమ్మా, ఆయన మాట మీరు పూర్తి చెయ్యకండి. ఆయన వెతుక్కుంటారు. వెతుక్కోనివ్వండి."

"ఎంతసేపు?"

"దొరికేదాకా."

"నీకేం తల్లీ, వారానికి ఒక గంట. నాకు రోజంతా."

"అది నిజమేనమ్మా. కానీ మీరు అందించేస్తూ ఉంటే, కొన్నాళ్ళకి ఆయన వెతకడం మానేస్తారు. అలా మానేస్తే మాత్రం ఇంక నా చేతుల్లో ఏం ఉండదు."

సూపర్నెంటమ్మ సరేనంది. సరేననడానికి ఏం, సరేనని సవాలక్ష సార్లు అన్నది జీవితంలో. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆయన మంచం మీద దిండుకి ఆనుకుని గుమ్మం వైపే చూస్తూ ఉండేవాడు. ఈవిడ చెప్పులు విడిచేసరికి ఎడమ చెయ్యి మెల్లిగా లేచేది. మంచం పక్కనున్న స్టూలు వైపు చాచి, ఏదో చెప్పడానికి బలం కూడగట్టుకునేవాడు. స్టూలు మీద మంచినీళ్ళ జగ్గు ఉండేది. "నీళ్ళా? ఇస్తున్నా, ఇస్తున్నా" అంటూ ఈవిడ బ్యాగు భుజాన ఉండగానే గ్లాసు నింపి నోటికి ఆనించేది. ఆయన గ్లాసు అంచు మీంచి ఈవిడ మొహంలోకి చూసి, తాగేవాడు. అదయ్యాక ఈవిడ వంటింట్లోకి పోయేది. రోజూ అంతే. దాహమేసిన మనిషికి నీళ్ళిచ్చానన్న తృప్తి కూడా మొదట్లో కొంచెం ఉండేది, తరవాత అదీ పోయింది.

ఉపన్యాసానికి కొద్దిరోజుల ముందు నుంచీ ఆ చెయ్యి లేవడం మానేసింది. ఈవిడ వస్తే చూస్తాడు, అంతే. పెదాలు కదలవు. మాటల డాక్టరు వచ్చి అద్దం పట్టుకుని "ఆ... అనండి" అంటే అద్దంలో తన వెనక గోడని చూశాడు. ఆవిడ వెళ్ళేటప్పుడు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, "నేను భయపడ్డదే అయ్యేలా ఉందమ్మా" అంది. ఆ రాత్రి సూపర్నెంటమ్మకి నిద్ర పట్టలేదు. తప్పెవరిదో ఆవిడకి తెలుసు. తెలిసి ఏం చెయ్యాలో తెలియలేదు, ఎందుకంటే తెల్లారితే మళ్ళీ అదే కుక్కరు, అదే బస్సు.

ఉపన్యాసం రోజు పొద్దున్న ఆవిడ తల దువ్వుకుంటూనే మంచం దగ్గరికొచ్చింది.

"ఏమండీ, ఇవాళ ఆలస్యమవుతుంది. ఆ గంట లేని సభ. పక్కింటి అక్కయ్య ఉంటుంది మీ దగ్గర. ఏమైనా కావాలా? చెప్పండి. నీళ్ళా? రేడియో పెట్టనా? దుప్పటి తియ్యనా?"

ఆయన కిటికీ వైపు తిరిగాడు.

పక్కింటి అక్కయ్య గుమ్మంలో నిలబడి అంతా చూసింది. "ఊపిరి తీసుకోవే. ఆ మనిషికి కాస్త సందిస్తే కదా చెప్పేది."

"సందిస్తే బస్సు పోతుందక్కా."

"పోతే ఇంకోటొస్తుంది. సరే గానీ, చీకటి పడేలోపు వచ్చెయ్. మనవరాల్ని ట్యూషన్ నుంచి తెచ్చుకోవాలి నేను."

"వస్తా, వస్తా. ఈసారి తొందరగా అయిపోయే ఏర్పాటు చేశార్లే."

ఆ ఏర్పాటు కొత్త ప్రిన్సిపాలుది. చురుకైనవాడు. నడుస్తూ మాట్లాడతాడు, మాట్లాడుతూ ఫోను చూస్తాడు. ఈ ఏడు రావాల్సిన పెద్ద అతిథి రానని చివర్లో చెప్పేశాడు. దొరికింది ఒక ముసలి ప్లీడరుగారు. జడ్జిగారు ఇంకా ప్లీడరుగా ఉన్నప్పుడు ఆయన దగ్గర జూనియరు, తరవాత ఆయన ఎదుటే వాదించినవాడు. ఆయన మొదలుపెడితే ఆపడం కష్టమని అందరూ అన్నారు. నియమాన్ని కాదంటే పాత విద్యార్థులు ఊరుకోరు. ప్రిన్సిపాలు ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాడు.

"సూపర్నెంటమ్మా, గంట కొట్టొద్దన్నారు గానీ పూలగుత్తి ఇవ్వొద్దని ఎవరూ అనలేదు కదా? నేను ఇలా కళ్ళజోడు తీస్తాను. మీరు వెంటనే పూలగుత్తి పట్టుకుని స్టేజీ మీదికొచ్చి ఆయన చేతిలో పెట్టెయ్యండి. పిల్లలు చప్పట్లు కొడతారు. పూలు పట్టుకుని ఎవరూ మాట్లాడలేరు."

ఇంకో రోజైతే సూపర్నెంటమ్మ ఇది అన్యాయమండీ అనేదేమో. ఆ రోజు ఆవిడకి ఆ ఉపాయం బ్రహ్మాండంగా అనిపించింది. చీకటి పడకుండా ఇల్లు చేరాలి. "అలాగేనండి" అంది.

మధ్యాహ్నం హాలు నిండింది. నిండిందంటే ఆవిడ నింపింది. అటెండెన్సు వేస్తామంటే సగం మంది, టీ ఇస్తామంటే మిగతా సగం వచ్చారు. గోడ మీద జడ్జిగారి ఫొటో తుడిపించింది. మైకు చూపించింది. పూలగుత్తి నీళ్ళ బకెట్లో పెట్టి తెర పక్కన ఉంచింది. అప్పటికే పాదాలు చెప్పుల్లో పట్టడంలేదు.

ముసలి ప్లీడరుగారిని కొడుకు చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాడు. నల్లకోటు ఒంటి మీద వదులుగా వేలాడుతోంది. మైకు ముందు నిలబడ్డాక మాత్రం గొంతు బాగానే లేచింది. తన జూనియర్ రోజులు, పాత కోర్టు భవనం, వానొస్తే ఫైళ్ళ మీద గొడుగులు పట్టడం, అన్నీ చెప్పాడు. పిల్లలు రెండుసార్లు నవ్వారు కూడా. తెర పక్కన సూపర్నెంటమ్మ గోడకి భుజం ఆనించి, ఒక కాలి బరువు ఇంకో కాలికి మార్చుకుంటూ, కిటికీలోంచి ఎండ ఎక్కడిదాకా వచ్చిందో చూసుకుంటోంది.

"ఈ సభలో ప్రతివాళ్ళూ ఆయన ఓపిక గురించి చెప్పారు," అన్నాడు ముసలాయన. "నేనూ కింద కూర్చుని చాలా విన్నాను. అసలు సంగతి ఒకటుంది. నేను మొదటిసారి ఆయన ముందు వాదించిన రోజున, కోర్టు అయిపోయాక, ఆయన గదిలోకి వెళ్ళాను. వెళ్ళేసరికి ఆయన..."

ఆగిపోయాడు.

మొదట అందరూ నాటకీయంగా ఆగాడనుకున్నారు. తరవాత ఆయన చెయ్యి బల్ల అంచుని గట్టిగా పట్టుకోవడం ముందు వరసవాళ్ళకి కనిపించింది. పెదాలు కదులుతున్నాయి. మాట రావడంలేదు. కొడుకు కుర్చీలోంచి సగం లేచి, లేవాలో కూర్చోవాలో తెలియక అలాగే వంగి ఉండిపోయాడు. వెనక బెంచీల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఎవరో కిసుక్కున నవ్వారు. ఇలాంటప్పుడు పిల్లలకి తెలిసిన మందు ఒకటే, చప్పట్లు. ఒక మూల మొదలై హాలంతా అంటుకుంది. ప్రిన్సిపాలు కళ్ళజోడు తీశాడు.

సూపర్నెంటమ్మ బకెట్లోంచి పూలగుత్తి తీసుకుని గబగబా స్టేజీ ఎక్కింది. కాడల్లోంచి నీళ్ళు మోచేతి మీదికి కారుతున్నాయి. ముసలాయన తలతిప్పి, వస్తున్న పూలగుత్తిని చూశాడు. దాని మీంచి ఆవిడ మొహంలోకి చూశాడు.

ఆ చూపు ఆవిడకి తెలుసు. గ్లాసు అంచు మీంచి రోజూ చూసిన చూపే. ఇన్నాళ్ళూ అది దాహమనుకుంది. ఆగమని బతిమాలుకోవడమని ఇప్పుడు, ఇంతమంది ముందు, తడి పూలు పట్టుకుని నిలబడ్డాక తెలిసొచ్చింది. ఒక్కరోజు కాదు, రోజూ, గుమ్మంలో చెప్పులు విడిచీ విడవగానే, తను ఆ మనిషి నోటికి గ్లాసు అడ్డం పెట్టింది.

ఆవిడ ఆగిపోయింది. పూలగుత్తిని గుండెలకి ఆనించుకుని, హాలు వైపు తిరిగి ఒక్క చూపు చూసింది. ఆ చూపుకి జడవకుండా హాల్ టికెట్ పుచ్చుకున్న పిల్లాడు ఆ కాలేజీలో లేడు. చప్పట్లు ముందు వరసలో ఆగాయి, తరవాత వెనక, చివరికి మూల ఒక్కడు కొడుతూ ఉండి పక్కవాడు మోచేత్తో పొడిస్తే మానేశాడు. ప్రిన్సిపాలు కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ తీశాడు. ఆవిడ చూడనట్టు ఊరుకుంది.

హాల్లో ఫాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎంతసేపు నిలబడిందో ఆవిడకే తెలియదు. కాళ్ళు పీకుతున్నాయి, పూలగుత్తి నీళ్ళు కాలి మీద పడుతున్నాయి, పక్కింటి అక్కయ్య తిట్టుకుంటూ ఉంటుంది. ఇదంతా ఉంది, దానికి తోడు నిలబడడమూ ఉంది. నిలబడ్డం ఆవిడకి కొత్త కాదు కదా.

"...ఆయన," అన్నాడు ముసలాయన ఆఖరికి, "రెండు కాళ్ళూ నీళ్ళ బకెట్లో పెట్టుకుని ఉన్నారు."

ఎవరూ నవ్వలేదు.

"పాదాలు ఇంతింత వాచిపోయి ఉన్నాయి. నేను కంగారుపడి, అయ్యా, మీ ఓపికకి దండం, నన్ను ఒక్కసారి కూడా ఆపలేదు అన్నాను. ఆయన నన్ను చూసి, ఓపికా? నాకా? అన్నారు. నువ్వు మాట్లాడుతున్నంతసేపూ ఈ కుర్రాడు ఎప్పుడు కూర్చుంటాడా, నేను ఎప్పుడు ఇంటికి పోతానా అనే అనుకున్నానయ్యా అన్నారు. మరి ఎందుకు ఆపలేదండీ అన్నాను. నువ్వు చెప్పాల్సింది నీకింకా దొరకలేదు కదా, దొరికేదాకా ఉండడమే నా ఉద్యోగం, ఓపిక ఉన్నప్పుడే చేస్తే దాన్ని ఉద్యోగమని ఎందుకంటారు అన్నారు."

ఆయన ఫొటో వైపు తలవంచి, "అంతే. ఇది చెబుదామనే వచ్చాను" అని వెళ్ళి కూర్చున్నాడు. సూపర్నెంటమ్మ పూలగుత్తి అప్పుడిచ్చింది.

ఫొటోలో జడ్జిగారు నడుం దాకానే ఉన్నారు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆవిడ ఆ ఫొటోని సరిగ్గా చూసింది. కాళ్ళు ఫొటోలోకి రాలేదు. కోపమేమీ మిగల్లేదు ఆయన మీద.

సభ ముగిశాక ప్రిన్సిపాలు వరండాలో పట్టుకున్నాడు.

"సూపర్నెంటమ్మా, నేను సైగ చేశాను. చూళ్ళేదా?"

"చూశానండి."

"మరి?"

"ఈ సభకి గంట లేదు కదండీ," అంది ఆవిడ. ఆయన ఫోను చూసుకున్నాడు.

బస్సులో సీటు దొరకలేదు. కడ్డీ పట్టుకుని వేలాడుతూ ఇల్లు చేరేసరికి చీకటి పడనే పడింది. పక్కింటి అక్కయ్య గుమ్మంలోనే ఎదురై, "నీ సభ తగలెయ్య" అని, మనవరాలి కోసం పరుగెత్తింది.

ఆయన దిండుకి ఆనుకుని ఉన్నాడు. లైటు వేసి ఉంది. స్టూలు మీద జగ్గు, జగ్గు మీద బోర్లించిన గ్లాసు. ఆవిడ చెప్పులు విడిచింది. చెయ్యి అలవాటుగా జగ్గు మీదికి పోయింది. ఆ చేతిని వెనక్కి లాక్కుని, రెండో చేత్తో పట్టుకుని, మంచం పక్కన నిలబడింది.

"ఏమండీ," అంది. "ఇన్నాళ్ళూ మీరేదో చెప్పబోతున్నారు. నేను చెప్పనివ్వలేదు. చెప్పండి. నాకు ఓపిక లేదు, ఉందని అబద్ధం చెప్పను. కానీ ఉంటాను. దొరికేదాకా ఇక్కడే ఉంటాను."

ఆయన ఆవిడ వంక చూశాడు. చూసి, మళ్ళీ కిటికీ వైపు తిరగబోయి, తిరగలేదు. ఆవిడ కదల్లేదు. వంటింట్లో కొళాయి బొట్లుబొట్లుగా కారుతోంది. వెళ్ళి కట్టేద్దామని కాళ్ళు లాగాయి. వెళ్ళలేదు. ఫోను మోగి ఆగిపోయింది, కూతురిదే అయ్యుంటుంది. ఇంక రాదేమో, నిజంగానే మానేశాడేమో, తను ఆలస్యం చేసేసిందేమో అనిపించింది. అయినా నోరు మూసుకుని ఉంది.

ఆయన ఎడమ చెయ్యి మెల్లిగా లేచింది. స్టూలు వైపు చాచాడు. మెడ నరాలు ఉబ్బాయి, కళ్ళు చెమ్మగిల్లాయి. గొంతులో ఏదో కదిలి, ఆగి, మళ్ళీ కదిలింది. ఆవిడకి నాలిక చివరిదాకా వచ్చింది నీళ్ళా అని. పళ్ళు బిగబట్టింది.

"కూ..." అన్నాడు. చాలాసేపు అక్కడే ఉండిపోయాడు. "కూర్... చో."

ఆవిడకి వెంటనే అర్థం కాలేదు. ఆయన వేలు ఇంకా స్టూలునే చూపిస్తోంది. ఆ వేలు వంక చూసింది, జగ్గు వంక చూసింది, జగ్గు కింద ఉన్న స్టూలు వంక చూసింది. ఇన్నాళ్ళూ, ఇంటికొచ్చిన ప్రతి సాయంత్రమూ, ఆయన కూర్చోమంటున్నాడు. తను ప్రతిసారీ నీళ్ళిచ్చి వెళ్ళిపోయింది.

ఆవిడ జగ్గు తీసి కింద పెట్టింది. బ్యాగు భుజం మీంచి దించింది. స్టూలు మీద కూర్చుంది. కూర్చోగానే పాదాల్లో మంట పైకి తన్నుకొచ్చింది.

ఆయన మొహం విప్పారింది. ఒకప్పుడు కొట్లో బేరం కుదిరినప్పటి మొహమే, ఒక పక్క కాస్త వాలిపోయి ఉంది. మళ్ళీ పెదాలు కూడగట్టుకున్నాడు. ఈసారి ఆవిడకి తొందర లేదు.

"ఆ..." అన్నాడు. "ఇప్పుడు... చెప్పు."

సూపర్నెంటమ్మ చెప్పడానికి నోరు తెరిచింది. మాట రాలేదు, ఏడుపొచ్చింది. స్టూలు మీద కూర్చుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆయన మధ్యలో ఆపలేదు. అయిపోయేదాకా ఉన్నాడు.